బాయిలోకి దిగే రేడియో ఏది?

పాతకాలపు రేడియో ట్రాన్స్‌మిటర్ మీద డిజిటల్ ధ్వనిని పంపవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఇరవై ఏళ్ల కిందటే తేలిపోయింది. పంపవచ్చు. మీడియం వేవ్, షార్ట్ వేవ్ బ్యాండ్ల మీద డిజిటల్ ప్రసారం కోసం 1998లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో కొన్ని ప్రసార సంస్థలు, తయారీదారులు కలిసి డీఆర్ఎం అనే కూటమిగా ఏర్పడ్డారు. అయిదేళ్లకు ఆ పద్ధతి గాలిలోకి వచ్చింది. దాని కిటుకు చూడముచ్చటగా ఉంటుంది. పాత ఏఎం ట్రాన్స్‌మిటర్లో రెండు దారులుంటాయి. ఒకటి అలను పుట్టిస్తుంది, రెండోది ఆ అల ఎత్తును గొంతుకు తగ్గట్టు పెంచి తగ్గిస్తుంది. డిజిటల్ సంకేతాన్ని కూడా రెండుగా విడదీసి, దశలో వచ్చే మార్పును మొదటి దారిలోకి, ఎత్తులో వచ్చే మార్పును రెండో దారిలోకి పంపితే, సంగీతం వినిపించడానికి కట్టిన యంత్రమే అంకెలు మోస్తుంది. మాస్టు అదే, బ్యాండు అదే, తొమ్మిది పది కిలోహెర్ట్జ్‌ల వెడల్పూ అదే. మన ఆకాశవాణి ఈ పద్ధతిని పెద్ద ఎత్తున చేపట్టి, డీఆర్ఎంకు అనువైన 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు సమకూర్చుకుంది. ఇంత పెద్ద డీఆర్ఎం ఏర్పాటు ఉన్న దేశాలు అరుదు. అయినా మన బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో ఏ క్వార్టర్ తలుపు తట్టినా ఆ ప్రసారం వినే మనిషి దొరకడం కష్టం. ట్రాన్స్‌మిటర్ ఉంది, రిసీవర్ లేదు. కొత్త కార్లలో లక్షల సంఖ్యలో డీఆర్ఎం రిసీవర్లు అమర్చి వచ్చాయి కానీ, ఇంట్లో పెట్టుకునే సెట్టు సామాన్యుడి ధరకు దిగిరాలేదు. జేబులో ఫోన్ ఉన్నవాడు రేడియో కొనడానికి అంగడికి పోడు కూడా.

నా వాదనంతా ఈ ఒక్క సంగతి మీద నడుస్తుంది. పాత రేడియో మీద డిజిటల్ మాట నిలుస్తుందా లేదా అన్నది పంపే యంత్రం వయసును బట్టి తేలదు, అందుకునే చేతిని బట్టి తేలుతుంది. బొగ్గు బెల్టులో వినేవాళ్లు రెండు చోట్ల ఉన్నారు, నేల మీద, నేల కింద గనిలో, అంటే ఇక్కడి మాటలో బాయిలో. నేల మీద సంగతి తొందరగా తేల్చేయవచ్చు. ఆదిలాబాద్‌లో 1986 నుంచి, కొత్తగూడెంలో 1989 నుంచి ఆకాశవాణి కేంద్రాలున్నాయి. ఇక సెల్ టవర్లు సరేసరి. అక్కడ మీడియం వేవ్‌ను డిజిటల్ చేయడం వల్ల కార్మిక కుటుంబానికి కొత్తగా దక్కేది దాదాపు ఏమీ లేదు. నేల కింద మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎఫ్ఎం లేదు, సెల్ లేదు. కానీ ప్రతి మనిషి నడుముకూ బొగ్గు కంపెనీ సింగరేణి ఇచ్చిన ఒక విద్యుత్ పరికరం ఉంటుంది.

2003 జూన్ 16న జెనీవాలో డీఆర్ఎం తొలి ప్రసారాలు మొదలయ్యాయి. సరిగ్గా అదే తేదీన గోదావరిఖనిలోని జీడీకే-7 ఎల్ఈపీ బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. రెండింటికీ సంబంధం లేదు, తేదీలు కలవడం కాకతాళీయం. వేళకు ఒక రేడియో సందేశం చేరి ఉంటే వాళ్లు బతికేవాళ్లని చెప్పడానికీ నా దగ్గర ఆధారం లేదు. నీరు, పొగ, పైకప్పు ఈ మూడింటి విషయంలోనూ నిమిషాలే లెక్క అని మాత్రం బొగ్గు బాయిల చరిత్ర అంతా చెబుతుంది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్‌నాలాలో 375 మందిని ముంచింది కూడా నీరే. రేడియో మేధావులు పాటల నాణ్యత గురించి పడ్డ తపనలో పదో వంతు ఈ నిమిషాల మీద పడి ఉంటే బాగుండేది.

నేల గుండా రేడియో ఎందుకు పోదో, ఎప్పుడు పోతుందో చూద్దాం. విద్యుత్తును కొద్దోగొప్పో మోసే ఏ పదార్థంలోకి దిగినా అల నీరసిస్తుంది. దాని బలం 37 శాతానికి పడిపోయే లోతును ఇంజనీర్లు కొలబద్దగా పెట్టుకుంటారు. ఆ లోతు ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తగ్గుతుంది. రాతిపొరల విద్యుత్ నిరోధకత వంద ఓమ్-మీటర్లు అనుకుని లెక్క కడితే, హైదరాబాద్ ‘ఎ’ కేంద్రపు 738 కిలోహెర్ట్జ్ అలకు ఆ లోతు సుమారు 6 మీటర్లు. పది కిలోహెర్ట్జ్‌కు 50 మీటర్లు. ఒక్క కిలోహెర్ట్జ్‌కు దిగితే 160 మీటర్లు. ఇప్పుడు 300 మీటర్ల లోతున బొగ్గు తవ్వే ఫేస్‌ను ఊహించుకోండి. ఒక కిలోహెర్ట్జ్ అల అక్కడికి చేరేసరికి రాయి వల్ల ఏడో వంతు మిగులుతుంది. పది కిలోహెర్ట్జ్ అల నాలుగు వందల్లో ఒక వంతు మిగులుతుంది. మీడియం వేవ్ అలకు మిగిలేది సున్నా అనుకోవచ్చు. దూరం వల్ల సహజంగా తగ్గే బలం దీనికి అదనం. మన గోదావరి లోయ ఇసుకరాయి నీరు పీల్చుకుని ఉంటుంది, నీరు ఎక్కువైతే నిరోధకత ఇంకా పడిపోతుంది, కాబట్టి పైలెక్క కాస్త ఉదారంగా వేసిందే. బాయిలోకి దిగే రేడియో ఏదన్న ప్రశ్నకు భౌతికశాస్త్రం ఇచ్చే జవాబు ఒక్కటే, అతి తక్కువ ఫ్రీక్వెన్సీది. అంటే రేడియో పుట్టిన కొత్తల్లో వాడి, తరవాత అటకెక్కించినది.

అటకెక్కించిన ఆ రేడియోను కాస్త దించి చూడటం అవసరం. తొలి ట్రాన్స్‌మిటర్లు స్పార్కుతో నడిచేవి. రెండు లోహపు కొనల మధ్య నిప్పురవ్వ ఎగిరితే అల పుట్టేది, వెంటనే చల్లారేది. గొంతును మోయగల నిలకడ దానికి లేదు. చుక్క, గీత, ఖాళీ, అంతే. ఆ లెక్కన రేడియో పుట్టుకతోనే అంకెలది, గొంతు తరవాత వచ్చి చేరింది. స్పార్కు తరవాత పెద్ద పెద్ద ఆల్టర్నేటర్లు వచ్చాయి. స్వీడన్‌లోని గ్రిమెటన్‌లో 1924లో మొదలైన అలాంటి యంత్రం ఒకటి 17.2 కిలోహెర్ట్జ్ మీద నేటికీ అప్పుడప్పుడు మోర్స్ పంపుతుంది. యునెస్కో 2004లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నుంచి కందకాలకు నేల గుండానే సంకేతాలు పంపుకున్నారు. 1920లలో అమెరికా గనుల బ్యూరో నేల గుండా రేడియో పంపే ప్రయోగాలు చేసింది. ఇవన్నీ మ్యూజియం ముచ్చట్లని తీసిపారేసేవాళ్లు మన వికారాబాద్ జిల్లా దామగుండం వైపు ఒకసారి చూడాలి. 2024 అక్టోబరు 15న అక్కడ నౌకాదళం రెండో వీఎల్ఎఫ్ రాడార్ కేంద్రమని పత్రికలు రాసిన దానికి శంకుస్థాపన జరిగింది. అది రాడార్ కాదు, నీట మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో. మొదటిది తిరునల్వేలి జిల్లాలోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్, 18.2 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. ఆ అల ఉప్పునీటిలో రెండు మీటర్ల లోపే 37 శాతానికి పడిపోతుంది. అడవి పోతుందని దామగుండం జనం చేసిన ఆందోళన న్యాయాన్యాయాలు వేరే వ్యాసం. ఇక్కడ నాకు కావలసింది ఒక్కటే. వేల ఎకరాలు, ఆకాశాన్నంటే మాస్టులు, వేల కోట్ల రూపాయలు చేతిలో ఉన్న నౌకాదళం కూడా ఆ అల మీద గొంతు పంపదు. అక్షరాలు పంపుతుంది, అవీ సెకనుకు కొన్ని వందల బిట్లు మించకుండా.

గొంతు ఎందుకు పంపరు? అల ఎంత నిదానంగా ఊగితే దాని మీద ఎక్కించగల సమాచారం అంత తక్కువ. నేల కింద వంద హెర్ట్జ్‌ల వెడల్పు దొరికి, సంకేతం రొద కంటే పదింతలు బలంగా ఉందనుకుందాం. షానన్ సూత్రం ప్రకారం సెకనుకు 346 బిట్లు దాటి పంపడం ఎవరి తరమూ కాదు. అది ఆదర్శ హద్దు, వాస్తవంలో సగం దక్కితే గొప్ప. ఇక గొంతు ఎంత కోరుతుందో చూడండి. ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజీల్లో డిజిటల్ గొంతుకు సెకనుకు 64,000 బిట్లు. మొబైల్ ఫోన్లలో వాడే ఏఎంఆర్ కోడెక్‌కు కనిష్ఠంగా 4,750. ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ రో హ్యామ్ రేడియోవాళ్ల కోసం రాసిన కోడెక్2 గొంతును 700 బిట్లకు కుదించగలదు. అది అబ్బురమే. కానీ ఆ 700 కూడా మన 346కు రెట్టింపు. పైగా అంతగా పిండిన గొంతులో ఒక్క బిట్టు చెడినా మాట మాటే చెడిపోతుంది. కాబట్టి నేల గుండా నేరుగా మాట్లాడుకోవాలన్న కోరికకు 300 మీటర్ల లోతున ప్రకృతే అడ్డం. పెద్ద తీగ లూప్‌లతో గొంతు పంపిన ప్రయోగాలు అమెరికాలో ఉన్నాయి. వాటి పెట్టెలు ఒకచోట నిలిపి ఉంచేవి, నడుముకు కట్టుకునేవి కావు.

ఇక్కడే చాలామంది ఆశ వదులుకుంటారు. నేను వదులుకోను, ఎందుకంటే ప్రశ్నను తప్పుగా అడుగుతున్నాం. ధ్వని నేల గుండా ప్రయాణించాల్సిన పని లేదు. అది ముందే కిందికి దిగి ఉండవచ్చు. షిఫ్టు మొదట్లో ల్యాంప్ రూమ్ కిటికీ దగ్గర జరిగేది చూడండి. కార్మికుడు తన నంబరు చెబుతాడు, ఛార్జింగ్ ర్యాక్ నుంచి ఆ నంబరు ల్యాంపు తీసి ఇస్తారు. బ్యాటరీ నడుము బెల్టుకు, కేబుల్ వీపు మీదుగా హెల్మెట్‌కు. షిఫ్టు దిగాక అదే ర్యాక్‌లో అదే కొక్కేనికి తిరిగి తగిలిస్తారు. ల్యాంపు తీసుకోకుండా ఒక్కడు కూడా దిగడు, ఎవరి దగ్గర ఏ ల్యాంపు ఉందో పుస్తకంలో ఉంటుంది, రోజూ ఛార్జింగ్ అవుతుంది, రోజూ పరీక్షకు దొరుకుతుంది. డీఆర్ఎంకు ఊళ్లల్లో దొరకని రిసీవర్ ఇక్కడ అడక్కుండానే మనిషి ఒంటి మీదికి వస్తోంది. ఆ బ్యాటరీ డబ్బాలో ఒక చిన్న మెమరీ చిప్పు, ఒక చిన్న స్పీకరు, తీగచుట్ట యాంటెన్నా పెట్టి, ‘సెల్ఫ్ రెస్క్యూయర్ పెట్టుకోండి’, ‘రెండో డిప్‌లో పొగ, మూడో డిప్ మీదుగా రండి’, ‘నీళ్లు వస్తున్నాయి, రైజ్ వైపు నడవండి’ వంటి 256 సందేశాలను స్పష్టమైన తెలుగు గొంతుతో ముందే రికార్డు చేసి ఉంచవచ్చు. ఒక్కోటి అయిదు సెకన్లు, సెకనుకు 8,000 బిట్లు అనుకున్నా మొత్తం 1.3 మెగాబైట్లు. హిందీలో, ఇంకో భాషలో చేర్చినా నాలుగు మెగాబైట్లు దాటదు. పై నుంచి రావాల్సింది సందేశం నంబరు మాత్రమే, ఎనిమిది బిట్లు. ఏ సీమ్ (బొగ్గు పొర), ఏ డిస్ట్రిక్ట్ (బాయిలో ఒక భాగం) అన్న చిరునామా, తప్పులు పట్టే రక్షణ బిట్లు కలిపి అరవై అనుకుందాం. సెకనుకు ఇరవై బిట్ల నత్తనడక అల మీద కూడా మూడు సెకన్లు. పావు నిమిషంలో అయిదుసార్లు పంపవచ్చు.

ఈ ఆలోచనలో సగం కొత్తదేమీ కాదు, పనిచేస్తుందని రుజువైంది కూడా. ఆస్ట్రేలియాలో తయారైన పీఈడీ అనే వ్యవస్థ నేల మీదో బాయిలోనో పరిచిన పెద్ద లూప్ నుంచి అతి తక్కువ ఫ్రీక్వెన్సీతో చిన్న రాత సందేశాలను క్యాప్‌ల్యాంపుకు పంపుతుంది. ల్యాంపు మినుకుమంటుంది, కార్మికుడు డబ్బా మీది తెర చదువుతాడు. 1998 నవంబరులో అమెరికా యూటా రాష్ట్రంలోని విల్లో క్రీక్ బాయిలో మంటలు లేచినప్పుడు ఆ హెచ్చరికతోనే లోపలివాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. పీఈడీకి నేను చేర్చమంటున్నది గొంతు. పొగలో తెర మీది అక్షరాలు చదవడం కష్టం, కళ్లు మండుతున్నవాడికి చెవులే దిక్కు. యంత్రాల హోరులో మాట వినపడదని అంటే ఒప్పుకుంటాను, అందుకే ముందు ల్యాంపు మినుకుమనాలి, మనిషి తల తిప్పాక గొంతు పలకాలి.

కేబుల్‌తో నడిచే లీకీ ఫీడర్ ఉంది, ఫైబర్ ఉంది, ధన్‌బాద్‌లోని సీఎస్ఐఆర్ గనుల పరిశోధన సంస్థ సిమ్‌ఫర్ చేసిన జిగ్‌బీ ట్యాగుల వ్యవస్థ ఉంది, ఇవి ఉండగా ఈ పాత చింతకాయ పచ్చడి ఎందుకని అడగవచ్చు. రోజువారీ పనికి అవే మేలు, వాటిని తీసేయమని ఎవరూ అనరు. కానీ అవన్నీ బాయి లోపలి దారుల వెంబడి పోతాయి. పైకప్పు కూలినా, పేలుడు జరిగినా ముందు తెగేది ఆ దారే. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు, ఒకరిని మర్నాడు ప్రాణాలతో తీశారు. అలాంటి వేళ కూలిన రాళ్లకు అవతల ఉన్న మనిషిని చేరే దారి ఆ రాయి గుండానే. అమెరికా అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. 2006 జనవరి 2న వెస్ట్ వర్జీనియాలోని సాగో బాయి పేలుడు 12 మందిని బలిగొన్నాక, మూడేళ్లలో ప్రతి బాయిలో రెండువైపులా మాట్లాడే వైర్‌లెస్ ఉండాలని చట్టం చేశారు. గడువు వచ్చేసరికి పూర్తిగా తీగ లేని వ్యవస్థ అందుబాటులో లేక, లీకీ ఫీడర్, మెష్ వంటి వాటితోనే సరిపెట్టుకున్నారు. రెండువైపులా గొంతు కావాలని పట్టుబట్టి, నేల గుండా ఒకవైపు హెచ్చరికను వెనక్కి నెట్టారన్నది నా అభిప్రాయం.

రాసిపెట్టిన సందేశాల్లో అసలు సంగతి ఇమడదు, ఆపదలో మనిషికి మనిషి గొంతే కావాలి అన్న మాటకు బలముంది. చిక్కుకుపోయినవాడికి తెలిసిన మైనింగ్ సర్దార్ గొంతు ఇచ్చే ధైర్యం చిప్పు ఇవ్వదు. అయితే గొంతు ఎంత మోసం చేయగలదో కూడా సాగోయే చూపింది. రక్షణ దళం లోపలి నుంచి చేరవేసిన మాట ఒకరి నుంచి ఒకరికి మారుతూ ‘పన్నెండు మంది బతికే ఉన్నారు’ అని పైకి వచ్చింది. చర్చిలో ఎదురుచూస్తున్న కుటుంబాలు పండుగ చేసుకున్నాయి. దాదాపు మూడు గంటల తరవాత గానీ ఒక్కరే మిగిలారన్న నిజం వాళ్లకు చెప్పలేదు. నంబరుతో పోయే సందేశానికి ఈ జబ్బు లేదు. సరిగ్గా చేరుతుంది, లేదా అసలు చేరదు. బొగ్గు కార్మికుడికి కోడ్ కొత్త కూడా కాదు. బొగ్గు బండ్లను లాగే హాలేజ్ దగ్గర గంట ఒక్క దెబ్బ కొడితే ఆపమని అర్థం, దాని మీదే తరాలుగా ప్రాణాలు పెట్టి పని చేశాడు.

ఒకవైపే మాట, లోపలివాడు జవాబు ఇవ్వలేడన్నది అన్నింట్లోకీ గట్టి అభ్యంతరం, దాన్ని పూర్తిగా తీసేయలేను. రిసీవర్‌కు చాలా తక్కువ విద్యుత్ చాలు, కాబట్టి మీథేన్ ఉన్న చోట రవ్వ పుట్టని భద్రత దానికి సులువు. కింది నుంచి పైకి పంపాలంటే పెద్ద కరెంటు కావాలి, ఆ గాలిలో అది ప్రమాదం. మధ్యేమార్గం ఒకటుంది. డిస్ట్రిక్ట్‌కు ఒకటి చొప్పున నిలకడ చోటులో మీట ఉన్న పెట్టె పెట్టి, ‘ఉన్నాం’ అన్న సంకేతం, సంఖ్య మాత్రం పైకి పంపడం. నిమిషాల కొద్దీ పట్టినా ఫర్వాలేదు. ఇక రొద. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం నుంచి హైటెన్షన్ లైన్లు బొగ్గు పొరల మీదుగానే పోతాయి. యాభై హెర్ట్జ్, దాని గుణిజాలైన 100, 150, 200 అన్నీ మనం వాడాలనుకునే ఇలాకాలోనే హోరెత్తుతాయి. ఆ గుణిజాల మధ్య సందులు చూసుకుని, పదీ ఇరవై హెర్ట్జ్‌ల సన్న గీతలో పంపడమే దీనికి మందు. గొంతుకు ఆ సందు చాలదు, నంబరుకు చాలు. ఏ దిక్కు నుంచి వచ్చినా లెక్క అక్కడికే చేరుతోంది.

ఇదంతా ఇంకెన్నాళ్లు, ఓపెన్‌కాస్టుల కాలంలో అండర్‌గ్రౌండ్‌కు ఖర్చెందుకని కొందరు అడుగుతారు. 2023-24లో సింగరేణి తీసిన 70.02 మిలియన్ టన్నుల్లో అండర్‌గ్రౌండ్ బొగ్గు పదో వంతు కూడా లేదన్నది నిజమే. టన్నుల లెక్క అది. మనుషుల లెక్క వేస్తే మాట మారుతుంది, ఎందుకంటే అండర్‌గ్రౌండ్‌లో టన్నుకు పట్టే మనుషులు ఎక్కువ. పైపై బొగ్గు అయిపోయేకొద్దీ మిగిలేది లోతు బొగ్గే, అడ్రియాల దానికే మొదలుపెట్టింది. లోతు పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ ఇంకా తగ్గాలి, బిట్లు ఇంకా తగ్గుతాయి, నంబరు పద్ధతి అవసరం ఇంకా పెరుగుతుంది.

రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సంస్థ సింగరేణి. అనుమతి ఇవ్వాల్సిన గనుల భద్రతా డైరెక్టరేట్ కేంద్రానిది, పరిశోధన చేయగల సిమ్‌ఫర్ కేంద్రానిదే. ఈ ముగ్గురూ కలిసి రామగుండంలో ఒక్క బాయి మీద ఒక లూప్ పరిచి, యాభై ల్యాంపుల్లో చిప్పులు పెట్టి, వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కొలిచి, ఏ లోతున ఎన్ని సందేశాలు సరిగ్గా చేరాయో ఆ అంకెలను కార్మిక సంఘాల ముందు పెట్టాలి.